పద్దెనిమిదేళ్ళకు లైసెన్సు వచ్చింది, మరి ఆ తర్వాత? ఖతార్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

ఖతార్‌లోని తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ ప్రజా సమితి, తెలంగాణ జాగృతి, ఇతర తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ఇండియన్ కల్చరల్ సెంటర్, ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరమ్ పెద్దలకు:

ఈ దేశంలో తెలుగువాళ్ళ కోసం మీరు చేస్తున్న పని చిన్నదేమీ కాదు. ఉగాది, బతుకమ్మ, రక్తదాన శిబిరాలు, కార్మికులకు వైద్య శిబిరాలు అందరికీ కనిపిస్తాయి. ఎవరూ చప్పట్లు కొట్టని పనులు ఇంకా ఉన్నాయి. పాస్‌పోర్టు చిక్కుల్లో పడ్డవాడికి దారి చూపడం, ఇక్కడ కన్నుమూసినవాడి మృతదేహాన్ని జగిత్యాలకో కడపకో చేర్చడం లాంటివి. ఆ చివరి పని నెత్తినేసుకున్నవాళ్ళకు రోడ్డు ప్రమాదమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈ లేఖ మీకే రాస్తున్నాను. మీ చలికాలపు కార్యక్రమాల్లో ఇంకొకటి చేర్చమని నా మనవి. కొత్తగా లైసెన్సు తీసుకున్న 18 నుంచి 21 ఏళ్ళ మన పిల్లల పక్కన అనుభవమున్న వాలంటీర్లు కూర్చుని, బయటి బళ్ళు రాని మైదానంలో, ఒక రోజంతా కారు ఎలా ఆగుతుందో, ఎప్పుడు ఆగదో చూపించే శిబిరం అది. స్టంట్లు నేర్పమని అడగడం లేదు, రేసు డ్రైవర్లను తయారు చేయమనీ అనడం లేదు. నిజానికి ఇలాంటి శిబిరాన్ని తప్పుగా నడిపితే మేలుకన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. ఈ లేఖలో ఎక్కువ భాగం ఆ సంగతికే పోతుంది, కాస్త ఓపిక పట్టండి.

మన ఇళ్ళలో ఈ వరస అందరికీ తెలిసిందే. ఎంఈఎస్‌లోనో, ఐడియల్‌లోనో, డీపీఎస్‌లోనో, బిర్లాలోనో ప్లస్ టూ అయిపోతుంది. పద్దెనిమిది నిండగానే డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయిస్తాం. సిగ్నల్ టెస్టు, ఎల్ పార్కింగ్, పాకెట్ పార్కింగ్, చివరికి ట్రాఫిక్ అధికారి పక్కన కూర్చునే రోడ్ టెస్టు. ఆ రోడ్ టెస్టు అంత తేలికేం కాదు, ఊళ్ళో పదేళ్ళు కారు నడిపి వచ్చి ఇక్కడ రెండుసార్లు ఫెయిలైన పెద్దమనుషులు మన మధ్య ఎందరో. అయితే ఆ టెస్టు చూసేది నియమాలు పాటిస్తున్నావా, అద్దాలు చూస్తున్నావా, రౌండబౌట్‌లో ఎవరికి దారివ్వాలో తెలుసా అన్నవే. అవన్నీ కావలసినవే. కానీ కార్డు చేతికొచ్చిన మర్నాడు ఆ కుర్రాడు ఒంటరిగా అల్ షమాల్ రోడ్డు ఎక్కొచ్చు, గంటకు 120 కిలోమీటర్ల దాకా పోవచ్చు. 120 అంటే సెకనుకు 33 మీటర్లు. ముందు బండి బ్రేకు లైటు వెలిగిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు కదిలేసరికి సెకనున్నర గడిచిందనుకుంటే, బ్రేకు పడకముందే 50 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, పూర్తి బలంతో తొక్కినా ఇంకో 75, 80 మీటర్లు కావాలి. అదే 60లో ఉంటే మొత్తం 45 మీటర్లలో ఆగుతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపు మాత్రమే అవుతుందని మనసు లెక్క వేసుకుంటుంది. బ్రేకు పడ్డాక పోయే దూరం నిజానికి నాలుగు రెట్లు. ఈ లెక్క పదకొండో తరగతి ఫిజిక్సులో ఉంది, మన పిల్లలు అందులో నూటికి తొంభై తెచ్చుకున్నారు. తెచ్చుకున్నవాడు కూడా ఆ లెక్కను ఒంటితో ఎరగడు. పూర్తి బలంతో బ్రేకు తొక్కడం అన్నది చాలామంది జీవితంలో మొదటిసారి జరిగేది ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలోనే.

ఖతార్‌లో ఇప్పుడు రోడ్లు బాగున్నాయి కదా, రాడార్లున్నాయి, జరిమానాలున్నాయి, మళ్ళీ మనమెందుకు అని మీలో కొందరు అంటారు. మొదటి సగం నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నివేదికలో ఖతార్ రోడ్డు మరణాల రేటు లక్ష జనాభాకు 15.2 ఉంటే, 2018 నివేదికకు అది 9.3కు దిగింది. అదే నివేదికలో భారత్ రేటు 22.6. ఈ దేశం 2013లోనే పదేళ్ళ జాతీయ రోడ్డు భద్రతా వ్యూహం ప్రకటించి పని చేసింది, ఖతార్ విశ్వవిద్యాలయంలో ట్రాఫిక్ భద్రత మీద ప్రత్యేక పరిశోధనా కేంద్రం పెట్టింది. 2023 సెప్టెంబరు నుంచి సీటుబెల్టు పెట్టుకోకపోయినా, ఫోను చేతిలో ఉన్నా కెమెరాలే పట్టేస్తున్నాయి. ఎర్ర సిగ్నల్ దాటితే 6,000 రియాళ్ళు. 2024 సెప్టెంబరు నుంచి ట్రాఫిక్ జరిమానాలు బాకీ ఉంటే విమానం ఎక్కే వీలు కూడా లేదు. ఇంత కట్టుదిట్టం మన హైదరాబాదులోనూ లేదు, విజయవాడలోనూ లేదు. అయితే ఒక్క సంగతి గమనించండి. కారు ఇస్తిమారా, అంటే రిజిస్ట్రేషన్ కార్డు, ఎవరి పేరు మీద ఉంది? నాన్న పేరు మీద. ముఖాలఫా, అంటే జరిమానా, పడితే మెసేజ్ ఎవరి ఫోనుకొస్తుంది? నాన్న ఫోనుకే. మెట్రాష్ యాప్‌లో కట్టేదీ నాన్నే. కుర్రాడు నేర్చుకునేది నాన్న కోపం ఎంతసేపుంటుందో, ఏ రాడార్ ఎక్కడుందో, అంతవరకే. రాడార్ ముందు నెమ్మదించి దాటగానే తొక్కడం ఈ ఊళ్ళో పెద్దలకే అలవాటు. జరిమానా మనిషిని భయపెట్టి ఒక చోట ఆపగలదు. తన బండి తన చేతిలో ఎంతవరకు ఉంటుందో ఎరుక కలిగించడం దాని పని కాదు.

ఆ పని వాలంటీర్లు చేయగలరనడానికి ఉదాహరణలు ఉన్నాయి. బ్రిటన్‌లో 1956లో పుట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ మోటారిస్ట్స్‌లో కొత్తవాళ్ళ పక్కన కూర్చుని డ్రైవింగ్ గమనించి లోపాలు చెప్పేది జీతం లేని సభ్యులే. అదే దేశంలో అండర్ 17 కార్ క్లబ్ 1976 నుంచి లైసెన్సు వయసు రాని పిల్లలకు మూసిన ఎయిర్‌ఫీల్డుల్లో, తల్లిదండ్రులతో కలిపి నేర్పుతోంది. అమెరికాలో బీఎండబ్ల్యూ కార్ క్లబ్ ఫౌండేషన్ వాళ్ళు టైర్ ర్యాక్ అనే టైర్ల కంపెనీ సాయంతో స్ట్రీట్ సర్వైవల్ పేరుతో ఇరవై ఏళ్ళుగా ఒకరోజు శిబిరాలు నడుపుతున్నారు. పిల్లలు ఇంటి నుంచి రోజూ నడిపే కారునే తెస్తారు, క్లబ్ సభ్యుడైన వాలంటీరు పక్క సీట్లో కూర్చుంటాడు. కాసేపు తరగతి, కాసేపు మైదానం. తడిపిన తారు మీద బండి జారితే ఎలా ఉంటుందో, అడ్డం వచ్చినదాన్ని తప్పించడమెలాగో చూపిస్తారు. పెద్ద లారీ ఒకటి తెచ్చి నిలబెట్టి పిల్లల్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెడతారు. ఎయిర్‌బ్యాగ్ ఒకటి పేల్చి, అది ఎంత బలంగా తెరుచుకుంటుందో కళ్ళారా చూపిస్తారు. డ్యాష్‌బోర్డు మీద కాళ్ళు పెట్టుకుని కూర్చునే అలవాటున్నవాళ్ళు ఆ దెబ్బతో మానుకోవాలి మరి.

ఇదంతా విని మనమూ అలాంటిదే పెట్టేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే, ఒక్క నిమిషం ఆగమంటాను. ఎందుకంటే ఈ ఆలోచన మీద ఉన్న అతి బలమైన అభ్యంతరం సోమరుల నుంచి రాలేదు, రోడ్డు భద్రత పరిశోధకుల నుంచి వచ్చింది. నార్వే 1979లో కొత్త డ్రైవర్లందరికీ జారే రోడ్డు మీద శిక్షణ తప్పనిసరి చేసింది. మంచు దేశం, ఆలోచన తార్కికంగానే ఉంది. తర్వాత లెక్కలు తీస్తే కుర్రవాళ్ళలో ప్రమాదాలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. అదే పథకంలో ఉన్న చీకటి డ్రైవింగ్ శిక్షణ మాత్రం మేలు చేసింది. ఫిన్లాండ్ 1990లో జారుడు రోడ్డు శిక్షణ పెట్టినా, కుర్రాళ్ళకు జారే రోడ్ల మీద జరిగే ప్రమాదాలు తగ్గలేదు. స్వీడన్ పరిశోధకుడు గ్రెగర్సెన్ 1996లో ప్రచురించిన ప్రయోగం ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. రెండు గుంపులకూ జారే ట్రాకు మీద అరగంట శిక్షణ ఇచ్చారు. మొదటి గుంపుకు బ్రేకు వేయడం, తప్పించడం బాగా చేసేలా నేర్పారు. రెండో గుంపుకు అలాంటి పరిస్థితిలో తమ నైపుణ్యం ఎంత నమ్మరానిదో అర్థమయ్యేలా చూపారు. తర్వాత పరీక్షిస్తే రెండు గుంపుల అసలు నైపుణ్యంలో తేడా లేదు. నైపుణ్యం నేర్చుకున్న గుంపు మాత్రం తమ గురించి తాము ఎక్కువ అంచనా వేసుకుంది. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సమీక్షకులు 2003లో, లైసెన్సు తర్వాత ఇచ్చే డ్రైవర్ శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గుతాయనడానికి తగిన ఆధారం కనబడలేదని తేల్చారు.

ఈ మాటలను పక్కన పెట్టేస్తే మనం చేసేది నేల విడిచి సాము అవుతుంది. ఎందుకలా జరుగుతుందో ఆలోచిస్తే పెద్ద రహస్యమేమీ లేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ప్రమాదంలో పడేది స్టీరింగ్ తిప్పడం రాక కాదు. ఆ వేగంలో, ఆ సమయంలో, అంతమంది స్నేహితులతో అక్కడ ఉండకూడదని తోచక. వెనక సీట్లో ముగ్గురు కేకలేస్తుంటే, ఫోను మోగుతుంటే, పక్క లేన్‌లో ల్యాండ్ క్రూయిజర్ హెడ్‌లైట్లు కొడుతుంటే వాడి తీర్పు ఎలా పనిచేస్తుందన్నదే ప్రశ్న. అటువంటివాడికి ఒక సెలవు రోజు మైదానంలో జారిన కారును చక్కదిద్దడం నేర్పి, భుజం తట్టి, చేతిలో సర్టిఫికెట్ పెట్టి పంపితే, వాడు ఇంటికి తీసుకెళ్ళేది జాగ్రత్త కాదు, ధీమా. ఆ నైపుణ్యం అభ్యాసం లేక కొన్నాళ్ళకే చేజారుతుంది, ధీమా మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. కాబట్టి సర్టిఫికెట్ వద్దు, బహుమతులు వద్దు, ‘బెస్ట్ డ్రైవర్’ కప్పు అసలే వద్దు. ఇండస్ట్రియల్ ఏరియాలోని రేసింగ్ క్లబ్‌లో డ్రిఫ్టింగ్ చూసి వచ్చి, నేనూ కోచ్‌గా వస్తానని ఉత్సాహంగా ముందుకొచ్చే వేగం పిచ్చి ఉన్న మిత్రుణ్ణి ఆ రోజు టీ కౌంటర్ దగ్గర నిలబెట్టండి.

అలాగని శిబిరమే వద్దనడం తొందరపాటు. అవే పరిశోధనలు దారి కూడా చూపించాయి. గ్రెగర్సెన్ రెండో గుంపుకు చూపినట్టు, తన హద్దు ఎక్కడుందో తానే చూసుకునేలా రోజంతా మలచాలి. ఉదాహరణకు బ్రేకు పాఠం. కుర్రాడి చేతికి ఒక ట్రాఫిక్ కోన్ ఇవ్వండి. ‘యాభైలో వస్తూ ఈ గీత దగ్గర బ్రేకు తొక్కితే నీ కారు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఈ కోన్ పెట్టు’ అనండి. పెట్టాక కారెక్కించి, యాభైలో రమ్మని, గీత దగ్గర పూర్తిగా తొక్కమనండి. మొదటిసారి చాలామంది పూర్తిగా తొక్కరు. కాలి కింద పెడల్ గడగడా కొట్టుకుంటుంది, కింద ఏదో విరిగినట్టు శబ్దం వస్తుంది, భయపడి కాలు సడలిస్తారు. అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేస్తున్న చప్పుడని, అప్పుడే ఇంకా గట్టిగా తొక్కి పట్టాలని పక్కనున్న వాలంటీరు చెప్పాలి. రెండోసారి సరిగ్గా తొక్కినప్పుడు కోన్ ఎక్కడ పడిందో చూడమనండి. తర్వాత డెబ్బైకి కోన్ ఎక్కడ పెడతావని అడగండి. తర్వాత నేల తడిపి మళ్ళీ. ఆ తర్వాత యాభైలోనే, కానీ చేతిలో ఫోను పెట్టుకుని, వాలంటీరు అడిగిన ఒక మెసేజ్ చదువుతూ. అది మైదానం కాబట్టి నలిగేది ప్లాస్టిక్ కోన్ మాత్రమే. ఈ పాఠంలో కుర్రాడు గెలవడు. గెలవకూడదు కూడా. తన అంచనా తప్పడం తన స్నేహితుల ముందే చూసినవాడికి ఇంక ఉపన్యాసం అక్కర్లేదు.

తడి నేల సంగతి ఎందుకంటే, దోహాలో ఏడాదికి పడేది 75 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, నూనె, టైరు రబ్బరు మొదటి జల్లుకు జిగురుగా లేస్తాయి. ఏడాదిలో అలాంటి రోజులు పట్టుమని పది ఉండవు కాబట్టి కొత్త డ్రైవర్‌కు దాని అనుభవమే ఉండదు. ఇక్కడి వేసవి ఎండకు పాత టైరు ఏమవుతుందో, దానిపై తయారీ వారం, సంవత్సరం ఎక్కడ చదవాలో చూపించడానికి పది నిమిషాలు చాలు. సీటు ఎంత వెనక్కి జరపాలి, అద్దాలు ఎలా సర్దుకోవాలి, ముందు బండికి మూడు సెకన్ల దూరం ఎలా లెక్కపెట్టాలి అన్నవి అరగంట పని. సీటుబెల్టు మీద మాత్రం ఎక్కువసేపు కూర్చోండి. ముందు సీట్లో ఉన్నవాడికి చావు ప్రమాదాన్ని దాదాపు సగానికి తగ్గించేది ఆ పట్టీ ఒక్కటే, మన వెనక సీట్లలో అది ఇప్పటికీ కుషన్ల కిందే ఉంటోంది.

ఇక పాఠం చెప్పేది ఎవరు? మన సంఘాలు ఏ కార్యక్రమం పెట్టినా వేదిక మీద కనిపించేది ఇంజనీర్లు, మేనేజర్లు, డాక్టర్లు. ఈ శిబిరంలో గురువు కుర్చీ వాళ్ళది కాదు. నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల, గోదావరి జిల్లాలు, కడప నుంచి వచ్చి, ఈ దేశపు రోడ్ల మీద ఏళ్ళ తరబడి ట్రైలర్లు, బస్సులు, కంకర లారీలు, వాటర్ ట్యాంకర్లు నడుపుతున్న మన డ్రైవరన్నలది. సల్వా రోడ్డు మీద గాలి దుమారం లేస్తే ఏం చేయాలో, మెసయీద్ దారిలో తెల్లవారుజామున నిద్ర ఎలా కమ్ముకొస్తుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. ఏళ్ళ తరబడి ప్రమాదం లేకుండా నడిపిన హౌస్ డ్రైవర్లు, కంపెనీ డ్రైవర్లు మన మధ్య వందల్లో ఉన్నారు. ఒక ట్రైలర్‌ను మైదానంలో నిలబెట్టించండి. కుర్రాణ్ణి క్యాబిన్‌లోకి ఎక్కించి, వాడి కారునే ఒక వాలంటీరు చేత ట్రైలర్ కుడి వైపు తలుపు కిందకు తెప్పించండి. ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి కుడి పక్క క్యాబిన్‌కు ఆనుకుని ఉన్నదేదీ కిటికీలోంచి కనపడదు. అద్దంలో ఎంత వెతికినా తెల్ల కొరోలా కనపడక, కిందికి దిగి చూస్తే చేతికందే దూరంలో ఉంటుంది. ట్రైలర్ పక్కన నింపాదిగా సాగుతూ పాట మార్చుకునే అలవాటు ఆ రోజుతో పోవాలి. ఇంకో లాభం కూడా ఉంది. గల్ఫ్‌లో మన తెలుగువాళ్ళ మధ్య విల్లాకూ లేబర్ క్యాంపుకూ నడుమ ఉన్న గోడ మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంజనీరుగారి అబ్బాయి ట్రైలరన్న ముందు విద్యార్థిగా నిలబడటం ఆ గోడకు చిన్న కన్నమైనా పెడుతుంది. అయితే వాళ్ళకు దొరికేది వారానికి ఒక్క శుక్రవారం. ఆ శుక్రవారం తీసుకుంటే రాకపోకలు, భోజనం, గౌరవ వేతనం ఇవ్వాలి. శాలువాతో సరిపెట్టకండి.

రోజులో మూడో వంతు తల్లిదండ్రులకు కేటాయించాలి. ఇది మీకు వింతగా తోచవచ్చు కానీ, గట్టి ఆధారం ఉన్నది ఇక్కడే. న్యూజీలాండ్ 1987లో దశలవారీ లైసెన్సు పెట్టింది. తోడు లేకుండా నడపనిచ్చే మొదటి దశలో రాత్రి పదింటి తర్వాత ఒంటరి డ్రైవింగ్ వద్దు, స్నేహితుల్ని ఎక్కించుకోవద్దు. తర్వాత అమెరికా రాష్ట్రాలు అదే బాట పట్టాయి, కుర్రకారు ప్రమాదాలు తగ్గాయి. కారులో ఈడువాళ్ళు ఎక్కినకొద్దీ కొత్త డ్రైవర్ మరణ ప్రమాదం పెరుగుతుందని 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. స్వీడన్ 1993లో నేర్చుకునే వయసును పదిహేడున్నర నుంచి పదహారుకు తగ్గించింది, లైసెన్సు వయసు మాత్రం పద్దెనిమిదే. అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని రెండేళ్ళు నడిపిన పిల్లల అభ్యాస గంటలు సుమారు 48 నుంచి 118కి పెరిగాయి, లైసెన్సు తర్వాత వాళ్ళ ప్రమాదాలు గణనీయంగా తగ్గాయి. ఖతార్‌లో నేర్చుకోవడం డ్రైవింగ్ స్కూల్ కారులోనే, స్కూల్ శిక్షకుడి పక్కనే. కాబట్టి ఆ పని లైసెన్సు వచ్చాక చేయాలి. మొదటి ఆరు నెలలు వారానికి రెండుసార్లు నాన్న పక్క సీట్లో కూర్చోవాలి, తిట్టకుండా. రాత్రి పదకొండు తర్వాత తాళాలు ఇవ్వకూడదు. కారులో ఒక్క స్నేహితుడికి మించి ఎక్కకూడదు. సీలైన్ ఇసుక దిబ్బల్లోకి మొదటి ఏడాది అసలే వద్దు. శిబిరం చివర తండ్రీ కొడుకులు, తల్లీ కూతుళ్ళు కూర్చుని ఈ ఒప్పందం కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టాలి. దానికి చట్టబలం ఉండదు, ఇంట్లో చెల్లుతుంది. రాసేటప్పుడు నాన్నను కూడా ఒక మాట అడగండి: డ్రైవ్ చేస్తూ ఆఫీసు ఫోన్లు ఎత్తేది ఎవరు?

చట్టం మాటేమిటి, అనుమతులెవరిస్తారు అన్న ప్రశ్న సహేతుకమైనదే. ఈ దేశంలో లైసెన్సు లేకుండా డ్రైవింగ్ నేర్పడం నేరం, అనుమతి లేకుండా చందాలు పోగేయడమూ నేరం. అందుకే దీన్ని నలుగురు మిత్రులు కలిసి ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లో చేసే పనిగా అనుకోవద్దని నా గట్టి మాట. పద్దెనిమిది నిండనివాళ్ళు స్టీరింగ్ ముట్టుకోకూడదు. పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు వస్తే తరగతిలో, ట్రైలర్ క్యాబిన్‌లో, కోన్ల దగ్గర ఉంటారు. నడిపేవాళ్ళందరికీ ఖతార్ లైసెన్సు, కారుకు చెల్లే ఇన్సూరెన్సు ఉండాలి. ఇండియన్ కల్చరల్ సెంటర్ మన ఎంబసీ నీడన నడిచే సంస్థ కాబట్టి దాని పేరుతో ట్రాఫిక్ డైరెక్టరేట్‌కు దరఖాస్తు వెళ్ళాలి. వాళ్ళ అవగాహన అధికారులు పాఠశాలలకు, కంపెనీలకు రావడం ఇక్కడ కొత్తేమీ కాదు. స్థలం కోసం ఒక డ్రైవింగ్ స్కూల్ మైదానాన్ని సెలవు రోజున అడగవచ్చు, మోటార్ అండ్ మోటార్‌సైకిల్ ఫెడరేషన్‌నూ అడగవచ్చు. ఉన్నత స్థాయి ట్రామా కేంద్రం హమద్ ఆసుపత్రిలో ఉంది. ప్రమాదాల నివారణకు వాళ్ళకో ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడ పనిచేసే మన నర్సమ్మలు వచ్చి పావుగంట మాట్లాడినా చాలు, ఫోటోలు అక్కర్లేదు. ఇన్ని తలుపులు తట్టడం కష్టమే. అయితే సినిమా తారను తెప్పించి సంగీత విభావరి పెట్టడానికి ఇంతకన్నా తక్కువ తలుపులేమీ తట్టరు మీరు.

మా పిల్లలు ఇక్కడ ఎన్నాళ్ళుంటారు, ప్లస్ టూ కాగానే ఇండియాకో అమెరికాకో పోతారు కదా అన్నది ఇంకో అభ్యంతరం. పోయే చోట రోడ్లు ఇంతకన్నా క్షమించేవి కావు. 2022లో భారత్‌లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. దోహాలో కుడివైపు నడిపినవాడు అక్కడ ఎడమవైపు నడపాలి. అమెరికా వెళ్ళినవాడు మొదటి సెమిస్టర్‌లోనే పాత కారు కొంటాడు, మంచులో నడుపుతాడు, అలాంటి ఇళ్ళకు వచ్చే ఫోన్ల గురించి తెలుగు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పెద్ద కారు, ఎయిర్‌బ్యాగులు కాపాడతాయన్న నమ్మకానికి 2017 మేలో జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్ దగ్గర జరిగిందే సమాధానం. అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి కుమారుడికి ఇరవై రెండు, మూడేళ్ళు, పక్కన స్నేహితుడు, కింద ఖరీదైన బెంజ్, ఇద్దరూ మిగల్లేదు. 2009లో తానే చావు తప్పించుకుని, 2014లో అన్నను, 2018లో తండ్రిని రోడ్డు మీదే పోగొట్టుకున్న జూనియర్ ఎన్టీఆర్ ప్రతి సభలో అభిమానులను జాగ్రత్తగా ఇంటికి వెళ్ళమని బతిమాలతాడు. విని ఈల వేసి బయటికొచ్చి బండి ఎక్కుతాం. చెప్పడానికీ, చేయించి చూపడానికీ మధ్య తేడా అదే. ఇంకో చిన్న మాట. శిబిరానికి అబ్బాయిల్నే పంపే అలవాటు మన ఇళ్ళలో ఉంది. రేపు ఇక్కడే ఉద్యోగానికి కారు నడుపుకుని వెళ్ళాల్సిన అమ్మాయిలకు సగం చోటు ముందే పక్కన పెట్టండి.

ఒక రోజు శిబిరంతో ప్రమాదాలు ఇంత శాతం తగ్గుతాయని మీకు మాట ఇవ్వలేను, ఎవరైనా ఇస్తే నమ్మకండి. ప్రపంచంలో 5 నుంచి 29 ఏళ్ళ వాళ్ళను ఏ జబ్బుకన్నా ఎక్కువగా చంపుతున్నది రోడ్డేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ వయసు పిల్లలు మన ప్రతి ఇంట్లో ఉన్నారు. కాబట్టి నేను అడిగేది ఇదీ: వచ్చే నెల మీ కార్యవర్గ సమావేశపు అజెండాలో దీన్ని ఒక అంశంగా పెట్టండి. అన్ని సంఘాల నుంచి ఇద్దరిద్దరితో ఒక చిన్న కమిటీ వేయండి, అందులో సగం మంది వృత్తి డ్రైవర్లు ఉండాలి. ఇండియన్ కల్చరల్ సెంటర్ ద్వారా ట్రాఫిక్ డైరెక్టరేట్‌కు దరఖాస్తు నవంబరు లోపు చేరాలి, ఎందుకంటే ఎండలు ముదిరాక మైదానంలో పిల్లల్ని నిలబెట్టలేం. మొదటిసారి ఇరవై మందికి మించి తీసుకోవద్దు. అనుమతి రాకపోతే తరగతి, తల్లిదండ్రుల ఒప్పందం, పార్కు చేసిన ట్రైలర్ చాలు, వాటికి ఇంజను స్టార్ట్ చేయాల్సిన పని కూడా లేదు.

భవదీయుడు,
దోహా నుంచి ఒక తెలుగువాడు